బోల్టుకు పురుడు

సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నవాడికి గాలి ఉచితం. దానితోపాటు వచ్చే తుప్పు కూడా ఉచితమే. సాగర్‌నగర్‌లో నూకరత్నం వాళ్ల ఇంటికి గేటు రెండుసార్లు మారింది, మేడమీది నీళ్ల పైపులు మూడుసార్లు మారాయి. మారనిదల్లా ఇరవై ఏళ్లనాటి కారొక్కటే. అమ్మేద్దామని ఆమె ఎప్పుడన్నా, "దానికి నా చెయ్యి అలవాటు" అనేవాడు ఆమె భర్త గంగునాయుడు.

గంగునాయుడు ఓడల కర్మాగారంలో ముప్పై రెండేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఫిట్టరంటే బిగించేవాడని జనం అనుకుంటారు. బిగించడం ఎవడైనా చేస్తాడు. ఫిట్టరు బతుకులో ముప్పావు వంతు విప్పడమే, అదీ ఎవడో ఎప్పుడో బిగించి, వానకూ ఉప్పుగాలికీ వదిలేసినవి. ముప్పై రెండేళ్లు అలాంటివాటితో పెనుగులాడి అతని కుడి భుజం అరిగిపోయింది. ఇంకో ఏడాది ఇలాగే పానాలు లాగితే చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పాడు. అప్పటికే దువ్వెన తల దగ్గరికి పోవడం మానేసింది, తలే దువ్వెన దగ్గరికి వంగుతోంది.

అయినా దసరా ముందు ఆదివారం అతను కారు కిందే ఉన్నాడు.

ఎడమవైపు ముందు చక్రాన్ని కారుకు పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటుంటుంది, లోయర్ ఆర్మ్ అంటారు. దాని రబ్బరు అరిగింది. రబ్బరు మార్చడం గంట పని. దాన్ని పట్టుకున్న బోల్టు విప్పడానికి పొద్దుటినుంచి మూడు గంటలైంది. కిరసనాయిలు పోశాడు, సుత్తితో తలమీద నాలుగు వేశాడు, మంటపెట్టి కాల్చాడు, పానాకు పైపు తొడిగి దాని చివర వేలాడాడు. బోల్టు కదల్లేదు సరికదా, దాని తల అంచులు అరిగి గుండ్రంగా తయారైంది.

"పదిహేడో నెంబరు పానా పట్టట్లేదు రత్నం" అన్నాడు కిందనుంచి. మాటలో ఊపిరి లేదు.

నూకరత్నం గుమ్మంలో నిలబడి చూస్తోంది. కారు కిందనుంచి బయటికి వచ్చిన ఆ రెండు కాళ్లనూ చూస్తే ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం మొగుడి మీద కాదు, బోల్టు మీద. ఏడేళ్లుగా ఆమెకు అదే కోపం. లోపలికి వెళ్లి టిఫిను డబ్బా అంత పెట్టె పట్టుకొచ్చి, చీర కుచ్చిళ్లు దోపుకుని నేలమీద పడుకుంది.

"జరగండి" అంది.

"కారుమీద ఎప్పుడూ పెట్టలేదు గదా దాన్ని?"

"ఇప్పుడు పెడతాను. జరగండి."

పెట్టెకున్న ఇనుప కడ్డీని బోల్టు తలమీద ఆనించి మీట నొక్కింది. మొదట ఏమీ కాలేదు. పెట్టె వింటోంది. ప్రతి బోల్టుకూ దానిదైన ఒక శ్రుతి ఉంటుంది, బిగుసుకున్న బోల్టుక్కూడా. ఆ శ్రుతి దొరికాక పెట్టె అదే శ్రుతిలో తిరిగి పలకడం మొదలెట్టింది. చెవికి వినపడలేదుగాని ఆమె వెనకపళ్లు జివ్వుమన్నాయి. బోల్టు మరల సందుల్లోంచి ఎర్రటి పొడి సన్నగా రాలింది. నిమిషం తిరిగేసరికి గంగునాయుడు చెయ్యి చాపి, బోల్టును రెండు వేళ్లతో తిప్పాడు. సీసా మూతలా తిరిగి చేతిలోకి వచ్చింది.

అతను అలా పడుకునే బోల్టు వంక చూస్తూ, "ముప్పై రెండేళ్లు" అన్నాడు. "ఇదేదో నాకు పెళ్లినాడే ఇచ్చుంటే బాగుణ్ణు గదే."

ఆమె నవ్వింది. నవ్వితే కళ్లు మండాయి, తుప్పు పొడి పడిందనుకుంది.

*

నూకరత్నానికి పెద్ద చదువు లేదు. డిప్లొమా చేసి, ఒక ఇంజనీరింగు కాలేజీలో లోహాలను పరీక్షించే ల్యాబులో టెక్నీషియనుగా చేరింది. పిల్లలు వచ్చి ఇనుప కడ్డీలు లాగి తెంపుతారు, వంచి విరుస్తారు, మార్కులేయించుకుని వెళ్లిపోతారు. విరిగిన ముక్కలు ఏరి, మిషన్లు తుడిచేది ఆమె. ఇనుములో పగుళ్లు వెతికే ఒక పాత మిషను తుడుస్తుంటే ఒకరోజు దాని కడ్డీ తగిలి, ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన బల్ల బోల్టు దానంతటది ఊడిపోయింది. వేరెవరైనా అయితే బోల్టు మళ్లీ బిగించి ఇంటికి పోయేవారు. ఆమెకు ఇంట్లో ఒక భుజం ఉంది కాబట్టి పోలేదు.

ఏడేళ్లు, కాలేజీ వదిలాక రోజూ రెండు గంటలు. పెట్టె తయారైంది. తయారైన మర్నాడే దాని తిరకాసూ బయటపడింది.

విప్పిన బోల్టును మళ్లీ గట్టిగా బిగించి ఇంటికి వెళ్లింది. పొద్దున్న వచ్చి చూస్తే పావు తిప్పు వదులై ఉంది. మళ్లీ బిగించింది. మర్నాడు మళ్లీ వదులు, కాస్త తక్కువ. గంట కొట్టాక చాలాసేపు మోగుతూనే ఉంటుంది కదా, అలా పెట్టె పలికిన శ్రుతి ఇనుములో లోలోపల మోగుతూనే ఉంది. పాత బోల్టు పారేసి కొత్తది వేసినా లాభం లేకపోయింది. బోల్టు కూర్చునే రంధ్రంలోనూ ఆ మోత ఉంది, అది కొత్తదానికీ అంటుకుంది. పదకొండో రోజుకు అణిగింది. ఆ తర్వాత బోల్టు ఎప్పటిలా మొండికేసి కూర్చుంది. నలభై బోల్టులమీద చూసింది, నలభైంటికీ పదకొండు రోజులే. మోతను ముందే అణిచే దారి కోసం వెతికి వెతికి వేసారింది.

ఇంటికొచ్చి చెప్తే గంగునాయుడు పగలబడి నవ్వాడు. "అయితే బోల్టుకి పురుడన్నమాట. పదకొండో నాడు తానం పోసి లెగదియ్యాలి." ఆ రోజునుంచి పెట్టెకు మంత్రసాని అని పేరు పెట్టాడు.

ఆ పేరే ఖాయమైంది. హైదరాబాదులోని ఒక పనిముట్ల కంపెనీనుంచి ఫణికుమార్ అనే కుర్ర ఇంజనీరు వచ్చి, ల్యాబులో పెట్టె పనితనం చూసి, కళ్లు తిప్పుకోలేకపోయాడు. ఇంటింటా కారుంది, ప్రతి కారు కిందా ఒక మొండి బోల్టుంది, దసరా వెళ్లగానే కాగితాలు తెస్తానన్నాడు. పదకొండు రోజులూ రోజుకోసారి బిగించాలని ఆమె చెబితే, "అదెంత పని మేడమ్" అన్నాడు. నిజమే, అర నిమిషం పని.

కారు బోల్టు విప్పిన ఆదివారం, రబ్బరు మార్చి, తల అరిగిన పాతదాని బదులు కొత్త బోల్టు వేశాక, ఆమె పదకొండు గడుల పట్టిక గీసి ఫ్రిజ్‌కు అంటించింది. గంగునాయుడు రోజూ పొద్దున్న పళ్లు తోముకున్నాక పానాతో బోల్టు బిగించి, గడిలో టిక్కు పెట్టి, కాఫీకి కూర్చునేవాడు. నాలుగు టిక్కులు పడ్డాయి. ఐదో గడి దసరా.

*

పనిముట్టుకు ఏడాదికి ఒక్కరోజు సెలవు. ఆ ఒక్కరోజూ ఇవ్వనివాడికి అది మిగతా రోజులు కలిసిరాదని గంగునాయుడి తండ్రి అనేవాడు. ఆయనా ఫిట్టరే. ఆ ఇంట్లో ఆయుధపూజనాడు పానా ఎత్తిన చరిత్ర లేదు. గంగునాయుడికి దేవుడి గదిలో పట్టుమని పది నిమిషాలు కూర్చునే ఓపిక లేదుగాని, పానాల సెలవు విషయంలో మాత్రం పంతులికంటే పట్టింపు.

నూకరత్నం పానాలన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఎర్రగుడ్డ మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ పెట్టింది. చివర్న మంత్రసానిని కూడా పెట్టి దానికి కొంచెం పెద్ద బొట్టు పెట్టింది. తన పెట్టె కదా, ఆమాత్రం పక్షపాతం ఉంటుంది. పాలు తీయడానికి ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడు ఐదో గడి ఖాళీగా కనిపించింది.

గంగునాయుడికీ అదే గుర్తొచ్చినట్టుంది. స్నానం చేసి వచ్చి ఎర్రగుడ్డ ముందు నసుగుతూ నిలబడ్డాడు.

"ఆ పదిహేడో నెంబరు ఓపాలి తియ్యనా? బేగి బిగించి మళ్లీ పెట్టెస్తాను."

"పూజలో పెట్టింది తీస్తారేటండీ?"

"మరి బోల్టు?"

"ఒక్కరోజుకి ఏం కాదు. ల్యాబులో నేను ఓ రోజు మానేసి కూడా చూశాను. మర్నాడు రెండింతలు వదులైంది, అంతే, ఊడిపోలేదు. రేపు పొద్దున్నే బిగిద్దురు గాని."

అతను హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఏం కాదని భార్య చెప్పింది, సైన్సూ చెప్పింది, పైగా తండ్రి మాట నిలబడింది. అంతకంటే మంచి రోజు ఏముంటుంది?

పానాలకు సెలవిచ్చారు గాని కారుకు ఇవ్వలేదు. ఎందుకంటే పూజ చేసిన బండిని ఇంట్లో ఉంచకూడదు, ఒక చుట్టు తిప్పి తేవాలి. బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. నాలుగూ టపటపమని నలిగాయి. "ఎండాడ దాకా వెళ్లొస్తాను, పులిహోర కలిపీసి ఉంచు" అని గంగునాయుడు వెళ్లాడు.

ల్యాబులో ఆమె బోల్టులు బల్లమీద కదలకుండా కూర్చున్నాయి. వాటిమీద ఎప్పుడూ గతుకులు పడలేదు, మలుపులు రాలేదు, బ్రేకు వెయ్యలేదు. ఆ తేడా ఆమెకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది. ఆ తర్వాత ఎన్ని రోజులు తలచుకున్నా, తట్టి ఉండాల్సిందనే అనుకుంది.

పదకొండు గంటలకు ఫోను వచ్చింది.

*

ఎండాడ దిగువలో, పూలమ్మేవాళ్లు కూర్చునే చోట, కారు ముక్కు నేలకు ఆనించి ఉంది. ఎడమ చక్రం లోపలికి ముడుచుకుపోయింది. గంగునాయుణ్ణి అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్లారు. అటు వెళ్లబోతూ ఆమె ఎందుకో ఆటో ఆపించి దిగింది. రోడ్డుమీద వంగి వెతకడం మొదలెట్టింది.

"దీన్నేనేటమ్మా ఎతుకుతున్నావు?"

పూలమ్మే ముసలామె బోల్టును చాపిన అరచేతిలో పెట్టుకుని ఉంది. పేరు పోలమ్మ అని తర్వాత తెలిసింది. నూకరత్నం బోల్టును అందుకుని చూసింది. విరగలేదు, వంగలేదు, మరలు కొత్తగానే మెరుస్తున్నాయి. ఏ తప్పూ లేదు దానిది.

"ఆ బాబు నీ ఇంటాయనా?" అంది పోలమ్మ. "బండి మా మీదకే వచ్చీసినాది. నానైతే కళ్లు మూసీసుకున్నాను. ఆ బాబు సేత్తో కాదమ్మా, పేనంతో లాగీసినాడు దాన్ని. నా బుట్ట కాడ ఆగిపోనాది. పూలు పోనాయి, నాను పోలేదు."

"నీకేమీ కాలేదు కదా?"

"నాకేటవుతాది. నా మనవరాలు టీ తేడానికి ఎల్లింది గాబట్టి సరిపోనాది. లేపోతే అదిగో, అక్కడే కూకునీది." ముడుచుకుపోయిన చక్రం కిందికి వేలు చూపించింది.

అక్కడ నలిగిన చామంతులున్నాయి. ఒక చిన్న పీట రెండు ముక్కలై ఉంది. నూకరత్నం ఆ పీటను చూసింది. చూసి, రోడ్డు పక్కన దుమ్ములోనే కూలబడింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఏడేళ్ల అలసట ఒక్కసారిగా ఒంట్లోకి దిగినట్టు, ఇక లేవలేనేమో అనిపించింది. పోలమ్మే రెక్క పట్టుకుని లేపి, ఆటో ఎక్కించింది.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూపించాడు. స్టీరింగును ఆఖరిదాకా లాగి పట్టుకోవడంలో అరిగిన భుజంలోని కండరం పూర్తిగా తెగింది, బండి ముక్కు నేలకు కొట్టుకున్నప్పుడు చేతి పైఎముక విరిగింది. ప్లేటు వేసి ఆరు స్క్రూలు బిగించాలి. చెయ్యి ఉంటుంది, ఛాతీకంటే పైకి మాత్రం లేవదు.

మత్తు దిగాక గంగునాయుడు మొదట అడిగింది ఇది: "ఆరు స్క్రూలంట గదా. వీటిక్కూడా రోజూ బిగింపు ఉందేటి?"

నవ్వించాలని అన్నాడు. ఆమె మంచం కోడు పట్టుకుని తల దించుకుంది.

*

పది రోజుల తర్వాత ఫణికుమార్ కాగితాల సంచీతో వచ్చాడు. గంగునాయుడు హాల్లో మంచం మీద, చెయ్యి మెడకు వేలాడదీసుకుని కూర్చున్నాడు. జరిగింది విని కుర్రాడు నిజంగానే బాధపడ్డాడు. చెడ్డవాడేం కాదు. బాధపడటం అయ్యాక సంచీ తెరిచాడు.

"హెచ్చరిక పెడదాం మేడమ్. పెట్టెమీద ఎర్ర అక్షరాలతో రాయిద్దాం. ఫోనుకు రోజూ పొద్దున్న గుర్తు చేసే ఏర్పాటు కూడా చేద్దాం. మర్చిపోయే అవకాశమే ఉండదు."

నూకరత్నం లేచి, వంటింట్లోకి వెళ్లి, ఫ్రిజ్ మీది పట్టిక పీక్కొచ్చి అతని ముందు పెట్టింది. నాలుగు టిక్కులు, ఏడు ఖాళీలు.

"ఈ గడులు గీసింది నేను బాబూ. పదకొండు రోజులని కనిపెట్టిందీ నేనే. ఆ రోజు పొద్దున్న దీన్ని చూస్తూనే పాలు తీశాను. ఆయన పానా తీస్తానని అడిగారు కూడా. నాకు గుర్తులేక కాదు. గుర్తుండే వద్దన్నాను."

"అది పండగ కాబట్టి మేడమ్..."

"ప్రతి ఇంట్లోనూ పానా ఎత్తని రోజు ఏదో ఒకటి ఉంటుంది. ఒకళ్లకి పూజ, ఒకళ్లకి చావు, ఒకళ్లకి జ్వరం, ఒకళ్లకి ఊరికే బద్ధకం. పదకొండు రోజుల్లో అలాంటిది ఒక్కటీ రాని ఇల్లు నాకు చూపించు, సంతకం పెడతాను."

ఫణికుమార్ పట్టికను ఆమె వైపు జరిపాడు. "మీరు ఇవ్వకపోతే ఇంకెవరో ఒకనాటికి కనిపెడతారు."

"కనిపెట్టనీ. వాళ్ల ఇష్టం. నా చేత్తో ఇవ్వను."

అప్పుడు మంచం మీదనుంచి గంగునాయుడు మాట్లాడాడు.

"ఇచ్చీ రత్నం."

ఆమె వెనక్కి తిరిగింది.

"మా సెక్షన్లో తొమ్మండుగురం. ఇద్దరికి తప్ప అందరికీ ఇదే నొప్పి. సింహాద్రి అన్నం ఎడంచేత్తో తింటాడు, తెల్సా నీకు? వాడు కారెక్కి పడిపోలేదు, పానా లాగి లాగి అలగైపోనాడు. నా భుజం ఎలాగా పోనాది. మిగతావోళ్ల భుజాలైనా మిగలనీ. నీ పెట్టె మూలంగా ఎక్కడో ఒకడు పడతాడు. లేపోతే అందరూ అరుగుతారు. ఏది పాపం?"

అతను చెప్పిందాన్లో అబద్ధమేమీ లేదు. అదే ఆమెకు కష్టమైంది. అబద్ధమైతే తోసెయ్యొచ్చు.

"వాళ్లంతా తెలిసి లాగారండీ" అంది చివరికి. "ఆ పీటమీద కూర్చునే పిల్లకి ఏం తెలుసు?"

గంగునాయుడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఫణికుమార్ కాగితాలు సర్దుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులు ఇంట్లో మాట లేదు. అన్నం కలిపి ముద్దలు పెడితే తిన్నాడు, నీళ్లిస్తే తాగాడు. పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో వాళ్లు పోట్లాడని రోజులు తక్కువ, మాట్లాడని రోజులు మాత్రం ఇవే.

*

కారును కొక్కెం బండి లాక్కొచ్చి వాకిట్లో పడేసింది. ఎడమవైపు కొత్త ఆర్మ్ వెయ్యాలంటే కుడివైపుదీ మార్చాలి, జత మార్చకపోతే బండి పక్కకు లాగుతుంది. ఆమాత్రం ఇన్నేళ్ల కాపురంలో ఆమెకూ తెలుసు. మూడోరోజు పొద్దున్న కాలేజీకి సెలవు పెట్టి, జాకీ ఎత్తి, కింద గోనెపట్టా పరుచుకుని దూరింది.

కుడివైపు బోల్టుకు మంత్రసాని ఎప్పుడూ తగల్లేదు. ఇరవై ఏళ్ల తుప్పు దాని మెడచుట్టూ పేరుకుని ఉంది. కిరసనాయిలు పోసింది. కాసేపాగి పానా తగిలించి లాగింది. కదల్లేదు. పైపు తొడిగి లాగింది. కదల్లేదు. కాళ్లు చక్రానికి తన్నిపెట్టి, పళ్లు బిగించి, ఒళ్లంతా వేసి లాగింది. పానా జారి మోచెయ్యి నేలకు కొట్టుకుంది. మళ్లీ తగిలించింది. అలా ఎంతసేపు గడిచిందో తెలీదు, చెమట కళ్లలోకి దిగి ఏమీ కనబడటం మానేసింది.

మెట్లమీద అడుగుల చప్పుడైంది. కారు పక్కన రెండు పాదాలు వచ్చి ఆగాయి. గంగునాయుడు నొప్పికి మూలుగుతూ నేలమీద కూర్చున్నాడు.

"అలగ్గాదు" అన్నాడు. "అటు తోస్తే సేతిలో బలం ఉండదు. నీ వైపుకి లాగు."

ఆమె తన వైపుకు లాగింది.

"ముందు కొంచెం బిగించు. బిగించి, అప్పుడు ఇప్పు. దానికి తెల్వకుండా ఇప్పాలి."

బిగించి, విప్పింది. భుజంలో ఏదో చురుక్కుమని, మెడదాకా పాకింది. పానా వదిలేసి, చెయ్యి పొట్టమీద పెట్టుకుని పడుకుంది.

"నొప్పా?"

"ఊఁ."

"ఎక్కడ?"

ఎడంచేత్తో చూపించింది. అతను వంగి, కారు కిందికి చూశాడు. ఆ చోటు అతనికి బాగా తెలుసు.

"మంత్రసాని అటకమీద ఉంది. ఒక్క నిమిషం పని. ఈ పాట్లేటి నీకు?" అన్నాడు. గొంతు తగ్గించి మళ్లీ అన్నాడు. "ముప్పై రెండేళ్లు ఇదే నొప్పి రత్నం. ఇప్పుడు తెల్సిందా?"

"తెలిసింది" అంది నూకరత్నం. "అయినా ఇవ్వను."

ఆమె ఎడంచేత్తో పానా అందుకుని మళ్లీ బోల్టుకు తగిలించింది. గంగునాయుడు పక్కకు ఒరిగి, బాగున్న చేతిని కారు కిందికి చాపి, పైపు చివర ఆమె చేతి మీద వేశాడు.